చెరువు గట్టు మీది అలారానికి వంతు ఎప్పుడు?

సంపాదకులు గారికి,

నమస్కారం. 5జీ గురించి పత్రికల్లో వచ్చే వార్తలు దాదాపుగా స్పీడు చుట్టూనే తిరుగుతున్నాయి. సినిమా ఎన్ని సెకన్లలో దిగుతుంది, ఏ పట్నంలో ఎన్ని ఎంబీపీఎస్ వస్తోంది, రీచార్జి ఎంత పెరిగింది. అవసరమైన వార్తలే, కాదనను. అయితే మొబైల్ నెట్‌వర్కుకు ఇంకో విద్య కూడా వచ్చు. ఏ పనికి ఎలాంటి కనెక్షన్ కావాలో చూసి, ఆ పనికి తగ్గట్టు దారి కేటాయించగలదు. ఆ విద్యను ఎవరి కోసం వాడుతున్నారు, ఎవరి కోసం వాడాలి, ఆ సంగతి ఎవరు తేల్చాలి అన్న చర్చ మన దగ్గర జరగడం లేదు. నేను టెలికం శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు భీమవరం దగ్గర మా పల్లెలో తమ్ముడితో కలిసి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. టవరు సంగతీ చెరువు సంగతీ రెండూ తెలిసినవాణ్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. వీలైతే పూర్తిగా వేయండి.

వనామీ రొయ్యను మన దేశంలో 2009లో అనుమతించాక మా ప్రాంతపు సాగు పూర్తిగా మారిపోయింది. ఎకరానికి వేసే పిల్ల పెరిగింది, దానితోపాటు కరెంటు మీద ఆధారమూ పెరిగింది. పగలు చెరువులోని ప్లాంక్టన్ ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడితే అదే ప్లాంక్టన్ రొయ్యలతోపాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. 4 పీపీఎం (నీళ్ల పది లక్షల వంతుల్లో 4 వంతులు) పైన ఉంటే రైతుకు నిద్ర పడుతుంది. 3 కిందికి వస్తే రొయ్య మేత తగ్గిస్తుంది. ఇంకా దిగితే పైకి తేలి గట్టు అంచుకు చేరుతుంది. ఆ వేళ చెరువును నిలబెట్టేది ఏరియేటర్లే, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే మోటారు చక్రాలే. అర టన్ను రొయ్యకు ఒక హార్స్ పవరు ఉండాలన్నది మా మధ్య నడిచే లెక్క. సరుకు బాగా ఎదిగిన చెరువులో రాత్రిపూట అవి ఆగిపోతే గంటా రెండు గంటల్లో పంట చేజారిపోతుంది.

అందుకని చాలామంది స్టార్టరు బోర్డు పక్కన ఒక చిన్న పెట్టె బిగించుకుంటున్నారు. లోపల ఒక సిమ్ ఉంటుంది. కరెంటు పోయినా, ఒక ఫేజు పోయినా, మోటారు ఆగినా అది రైతు ఫోనుకు కాల్ గానీ మెసేజీ గానీ పంపిస్తుంది. డీవో సెన్సరు కూడా తగిలించుకున్నవాళ్లకు అంకెలు వస్తాయి.

ఈమధ్య వేసవి చివర ఒక గాలివాన రాత్రి మా పక్క చెరువులో ఏం జరిగిందో చెప్తాను. త్రీ ఫేజ్ లైనులో ఒక ఫేజు పోయింది. ఫేజు పోతే మోటార్లు కాలిపోకుండా కాపాడే ప్రివెంటరు అనే పరికరం ఏరియేటర్లను ఆపేసింది. అది చేయాల్సిన పనే చేసింది. షెడ్డులో బల్బు మాత్రం ఇంకో ఫేజు మీద ఉంది, వెలుగుతూనే ఉంది. కాపలా మనిషి లైటు చూసి కరెంటు ఉందనే అనుకున్నాడు. గాలి హోరులో ఏరియేటర్ల చప్పుడు ఆగిన సంగతి అతనికి తెలియలేదు. జనరేటరు పక్కనే ఉంది, డీజిలు కూడా పోసి ఉంది. ఒక్క మనిషి లేచి వెళ్లి స్టార్ట్ చేస్తే సరిపోయేది. పెట్టె మెసేజీ పంపడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. అవి రైతు ఫోనుకు తెల్లవారాక, ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. "పెట్టె చెప్పింది బాబాయ్, నాకే చేరలేదు" అన్నాడు ఆ చెరువు రైతు, కుర్రాడు. ఎకరంన్నర చెరువు, 40 కౌంటుకు, అంటే కిలోకు 40 రొయ్యలు తూగే సైజుకు, దగ్గరపడిన సరుకు, అంతా పోయింది. రొయ్య పట్టి అమ్మడానికి కొనుగోలుదారుతో మాట కూడా అయిపోయింది. లీజు కట్టింది అతనే, మేత షాపులో బాకీ ఉన్నదీ అతనే.

ఆ పెట్టెలోని లాగ్, అంటే అది ఎప్పుడేం చేసిందో రాసుకున్న చిట్టా, నేను విప్పి చూశాను. మా టవర్ ఆ రాత్రంతా పనిచేసింది. పక్క ఊరి టవర్ కరెంటు లేక ఆగిపోయింది. దాని పరిధిలోని ఫోన్లన్నీ మా టవర్ మీదికి వచ్చాయి. గాలివానకు మేలుకున్న జనం అయినవాళ్లకు ఫోన్లు చేసుకున్నారు, రేకులు లేచిపోతున్న వీడియోలు పంపుకున్నారు. ఎవరైనా చేసే పనే, వాళ్లది తప్పు కాదు. చెరువు దగ్గరి పెట్టె టవరుకు దూరంగా, సిగ్నల్ చివరి అంచులో ఉంది. ఛానల్ కావాలని అడిగిన ప్రతిసారీ దగ్గరలోని ఫోన్ల బలమైన సిగ్నళ్ల ముందు అది నిలవలేకపోయింది.

ఇందులో నన్ను బాధపెట్టే లెక్క ఒకటుంది. హెచ్‌డీ వీడియో ఒక్క నిమిషానికి సుమారు 20 మెగాబైట్లు తీసుకుంటుంది. చెరువు అలారం, చిరునామాలూ అవీ అన్నీ కలుపుకుని, 200 బైట్లు దాటదు. అంటే ఒక్క నిమిషం వీడియో స్థలంలో లక్ష అలారాలు పడతాయి. టవర్లో ఆ రాత్రి చోటు లేక మెసేజీ ఆగలేదు. ఆ మెసేజీ ఏమిటో, దాని వెనక ఏముందో టవరుకు చెప్పినవాళ్లు లేక ఆగింది.

నెట్‌వర్కుకు అలా చెప్పే వీలు లేదా అంటే, మొదటినుంచీ ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో ట్రంకు కాల్ బుక్ చేస్తే ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలుండేవి. లైట్నింగ్ కాల్‌కు ఎన్నో రెట్లు ఎక్కువ కట్టినవాడికి లైను ముందు దొరికేది. తర్వాత జీఎస్ఎం, అంటే 2జీ మొబైల్, వచ్చినప్పుడు ఆ అంతరం సిమ్ లోపలికి వెళ్లింది. మామూలు చందాదారుల సిమ్ మీద 0 నుంచి 9 లోపు ఒక తరగతి అంకె ఉంటుంది, అది ఎవరికి ఏది వస్తుందన్నదానికి ప్రాధాన్యంతో సంబంధం లేదు. వీటికి పైన 11 నుంచి 15 దాకా ప్రత్యేక తరగతులున్నాయి. 12 భద్రతా దళాలకు, 13 నీళ్లు, గ్యాసు సరఫరా చేసే ప్రజావసర సంస్థలకు, 14 అత్యవసర సేవలకు. 11, 15 కంపెనీ సొంత వాడకానికి. టవర్ మీద రద్దీ మితిమీరితే మామూలు తరగతుల్లో కొన్నిటిని కాసేపు ఆపి, ఈ ప్రత్యేక తరగతులకు దారి ఇవ్వొచ్చు. మూడు దశాబ్దాల క్రితమే ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది.

4జీలో ఇది ఇంకా వివరంగా వచ్చింది. మీ ఫోను నుంచి వెళ్లే ప్రతి ప్రవాహానికీ క్యూసీఐ అనే అంకె తగిలిస్తారు. వోల్టీ కాల్‌కు, అంటే 4జీ మీదే నడిచే ఫోను కాల్‌కు, అది 1. 100 మిల్లీసెకన్ల లోపు చేరాలి, దానికంటూ కొంత సామర్థ్యం తప్పనిసరిగా ఇవ్వాలి అని అర్థం. మామూలు ఇంటర్నెట్‌కు సాధారణంగా 9, మిగిలినదానిలో సర్దుకోవాలి. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది బటన్ నొక్కి మాట్లాడే రకం కాల్‌కు 65, అక్కడ 75 మిల్లీసెకన్లే గడువు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఫోను కాల్స్ మొత్తాన్ని 4జీ మీదే నడిపించగలిగిందంటే ఈ ఏర్పాటు ఉండబట్టే. పక్కింటివాళ్లంతా వీడియోలు చూస్తున్నా మీ మాట తెగకుండా వెళ్తోందంటే ఆ అంకె పుణ్యమే.

అదే 2016లో 3జీపీపీ అనే ప్రమాణాల సంస్థ చిన్న యంత్రాల కోసమే ఎన్‌బీ-ఐఓటీ అనే పద్ధతిని ఖరారు చేసింది. 180 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. 2జీలో డేటా పంపే పాత జీపీఆర్ఎస్ పద్ధతి కంటే 20 డెసిబెల్స్ బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టుకునేట్టు తయారుచేశారు. డేటా కొంచెమే వెళ్తుంది, అందుకు కొన్ని సెకన్లు పట్టొచ్చు, కానీ బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. సిగ్నల్ అంచున కూర్చున్న చెరువు పెట్టెకు ఇంతకంటే తగిన పద్ధతి నాకు కనపడలేదు. అయినా మా దగ్గర అమ్మే పెట్టెల్లో ఎక్కువగా కనిపించేవి 2జీ మాడ్యూళ్లే. 2జీకి స్వస్తి చెప్పాలని 2020లోనే ముకేశ్ అంబానీ బహిరంగంగా అన్నారు. అదే గనక జరిగితే, బదులు ఏర్పాటు లేకుండా ఈ పెట్టెలన్నీ మూగబోతాయి.

ఇక 5జీతో వచ్చిన నెట్‌వర్క్ స్లైసింగ్ సంగతి. మా డెల్టావాళ్లకు కాలువ లెక్కలో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి దిగే గోదావరి నీళ్లు ఒకటే. అవే ఊరి మంచినీళ్ల చెరువుకు, వరిచేలకు, చేపల చెరువులకు వెళ్తాయి. ఒక్కోదానికి ఒక్కో తూము, ఒక్కో లెక్క. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్లు చాలకపోతే వంతులు పెడతారు. కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకోమని ఊరూరా చెప్తారు. ఎందుకంటే ముందు తాగడానికి, తర్వాతే మిగతావి అన్నది అందరూ ఒప్పుకున్న వరస. స్లైసింగ్‌లో కూడా టవర్ ఒకటే, స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిచే రేడియో తరంగాల వాటా) ఒకటే, దాని లోపల ఒక్కో అవసరానికి విడి విడి దారులు, వాటి మధ్య ఒక వరస.

2018లో వచ్చిన 3జీపీపీ 15వ విడుదలలో దీనికి రూపం ఇచ్చారు. స్లైసు రకానికి అంకెలున్నాయి: 1 మామూలు వేగవంతమైన డేటాకు, 2 ఆలస్యం అస్సలు పనికిరాని నమ్మకమైన పనులకు, 3 లక్షల సంఖ్యలో ఉండే చిన్న యంత్రాలకు, తర్వాతి విడుదలలో చేరిన 4 వాహనాలకు. ఒక ఫోను ఒకేసారి 8 స్లైసుల దాకా వాడుకోగలదు. రేడియోలో వాటా మాత్రమే కాదు, టవర్ల వెనక ఉండి అన్నిటినీ నడిపే కోర్ నెట్‌వర్కులో కూడా ఒక్కో స్లైసుకు విడి భాగాలు పెట్టొచ్చు, వాటిని ఎక్కడ పెట్టాలో కూడా ఎంచుకోవచ్చు. ఈ చివరిది చిన్న విషయం కాదు. ఫైబరులో వెలుగు ఒక మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లే పోతుంది. హైటెన్షన్ విద్యుత్ పంపిణీ నియంత్రణకు 5జీ ప్రమాణాల్లో పెట్టిన గడువు 5 మిల్లీసెకన్లు. భీమవరం సబ్‌స్టేషన్ సంకేతం హైదరాబాద్ దాకా పోయి తిరిగి రావాలంటే, మధ్యలో యంత్రాలు తీసుకునే సమయం కాకుండానే, ఆ గడువులో చాలా భాగం దారికే ఖర్చయిపోతుంది. అలాంటి పనికి కోర్ భాగాన్ని రాజమండ్రికో ఏలూరుకో తెచ్చి పెట్టాల్సిందే. ఇదంతా 5జీ సొంత కోర్ ఉన్న స్టాండలోన్ పద్ధతిలోనే వీలవుతుంది. 2022 అక్టోబరు 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు జియో స్టాండలోన్‌తోనూ, ఎయిర్‌టెల్ 4జీ కోర్ మీద ఆధారపడే పద్ధతితోనూ దిగాయి. ఫోను మీద 5జీ అని కనపడినంత మాత్రాన స్లైసు ఉన్నట్టు కాదని పాఠకులు గమనించాలి.

స్లైసులు ఇప్పటికే పనిచేస్తున్నాయి, ఇది కాగితం మీది మాట కాదు. యాంటెన్నా బిగించి ఇంటికి వైఫై ఇచ్చే ఎయిర్‌ఫైబర్ సేవకు జియో స్లైసింగ్ వాడుతున్నట్టు చెప్పుకుంటోంది. 2023 మేలో లండన్‌లో చార్లెస్ రాజు పట్టాభిషేకాన్ని ప్రసారం చేయడానికి వొడాఫోన్ ఐటీఎన్ వార్తాసంస్థకు విడిగా ఒక స్లైసు ఇచ్చింది. లక్షల మంది ఫోన్లతో వీధుల్లో నిలబడినా కెమెరా చిత్రం ఆగకుండా వెళ్లడానికి. రైల్వేలది ఇంకో దారి. వాళ్లకు 2021లో కేంద్ర మంత్రివర్గం 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ సొంతంగా ఇచ్చింది. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్‌ను మొట్టమొదట పెట్టింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. ప్రాణాలు ఆధారపడ్డ సంకేతం ఎవరి వీడియో వెనకా నిలబడకూడదని అక్కడ ఒప్పుకున్నారు. నేను అడిగేది ఆ ఒప్పుదలను మిగతా చోట్లకు కూడా తెమ్మని.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు నేను అక్కడే డ్యూటీలో ఉన్నాను. టవర్లు కొన్ని వంగిపోయాయి, ఫైబరు తెగిపోయింది, ఎక్కడా కరెంటు లేదు. జనరేటర్లకు డీజిలు కోసం బంకుల దగ్గర బారులు. అక్కడక్కడ బతికి ఉన్న టవర్ కింద సిగ్నల్ కోసం జనం ఫోన్లు పైకెత్తి నిలబడేవాళ్లు. అంబులెన్సు డ్రైవరూ వాళ్లలోనే ఉన్నాడు, విద్యుత్ లైన్‌మన్‌కు చెప్పాల్సిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కూడా వాళ్లలోనే ఉన్నాడు, దుబాయి నుంచి కొడుకు ఫోను కోసం ఎదురుచూస్తున్న తల్లీ అక్కడే ఉంది. ఆ తల్లిని పక్కకు నెట్టమని నేను ఎప్పటికీ అనను. కానీ ఆ ఏఈ మాట ముందు వెళ్తే ఆ తల్లి ఉన్న వీధికి కరెంటు ముందు వస్తుంది. మనుషుల్ని బైకుల మీద పంపి కబుర్లు చేరవేసుకున్న రోజులవి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 మొదలుపెట్టి దేశానికి దారి చూపినవాళ్లం మనం. అలాంటి 108 బండిలోని ఫోను కూడా ఆ రోజుల్లో అందరి వరసలోనే నిలబడింది.

చట్టం ఇప్పుడు వీలు కల్పిస్తోంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 20వ సెక్షన్ ప్రకారం విపత్తు వేళ సహాయ చర్యల్లో ఉన్నవాళ్ల సందేశాలు ముందు వెళ్లేట్టు ఏర్పాటు చేసే అధికారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. 2024 జూన్‌లో ఆ సెక్షన్ అమల్లోకి వచ్చింది. మన రెండు రాష్ట్రాలూ దాన్ని తుపాను వచ్చిన రోజున వెతుక్కోకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. ఏ ఉద్యోగి సిమ్‌కు ఏ ప్రాధాన్యం అన్న జాబితా కలెక్టరేట్లో ఉండాలి. లైన్‌మన్ పేరు అందులో తప్పకుండా ఉండాలి. పెద్ద అధికారుల పేర్లు రాసి ఊరుకుంటే పని జరగదు.

ఒక మంచి పని జరిగింది, దాన్నీ చెప్పాలి. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగి పరీక్ష సందేశం వచ్చింది గుర్తుందా? కేంద్ర ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన సెల్ బ్రాడ్‌కాస్ట్ అది. ఒక్కొక్క ఫోనుకు విడిగా పంపే మెసేజీ కాదు, టవర్ నుంచి ఒకేసారి అందరికీ వెళ్లే ప్రకటన. అందుకే ఎంత రద్దీ ఉన్నా ఆగదు. పై నుంచి కిందికి హెచ్చరిక చేరే దారి అలా ఏర్పడింది. చెరువు నుంచి, అంబులెన్సు నుంచి, సబ్‌స్టేషన్ నుంచి పైకి రావాల్సిన మాటకు అంతటి ఏర్పాటు ఇంకా కావాలి.

ఇక్కడ ఒక భయం నాకూ ఉంది. 2016 ఫిబ్రవరి 8న టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో రేటు పెట్టకూడదని నిబంధన తెచ్చినప్పుడు నేను చాలా సంతోషించాను. కొన్ని వెబ్‌సైట్లనే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ పథకం ఫ్రీ బేసిక్స్ ఆగిపోయింది దానివల్లే. ఇప్పుడు స్లైసుల పేరుతో ఆ వివక్ష దొడ్డిదారిన రావచ్చు. డబ్బున్న వీడియో కంపెనీ వేగవంతమైన దారి కొనుక్కుంటుంది, ఊళ్లో పిల్లవాడు చదువుకునే పాఠం ఆగి ఆగి నడుస్తుంది. అది ట్రంకు బుకింగ్ రోజులకు తిరిగి వెళ్లడమే. దీనికి విరుగుడు కూడా ట్రాయే రాసిపెట్టింది. 2017 నవంబరులో ఇచ్చి, 2018 జూలైలో టెలికం శాఖ ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్‌లో ఎవరి డేటా పట్లా వివక్ష చూపకూడదన్న సూత్రం) సిఫార్సుల్లో ప్రత్యేక సేవలకు మినహాయింపు ఇస్తూ రెండు షరతులు పెట్టారు. ఆ సేవ మామూలు ఇంటర్నెట్‌కు బదులుగా అమ్మేది కాకూడదు. దానివల్ల మామూలు ఇంటర్నెట్ నాణ్యత తగ్గకూడదు. యంత్రాల మధ్య నడిచే సేవలన్నిటికీ గుండుగుత్తగా మినహాయింపు ఇవ్వకుండా, వాటిలో కీలకమైనవాటిని టెలికం శాఖ గుర్తించాలన్నారు. నా దృష్టిలో ఈ అంశం మొత్తానికి ఇవే అతి ముఖ్యమైన వాక్యాలు. ఐరోపా యూనియన్ 2015 నిబంధనలోనూ ఇలాంటి షరతులే ఉన్నాయి.

షరతులు ఉంటే చాలదు, కొలిచేవాళ్లు ఉండాలి. టవర్ సామర్థ్యంలో స్లైసులకు ఎంత పోతోంది, రద్దీ వేళ మామూలు చందాదారుకు మిగిలేది ఎంత అన్న లెక్కను కంపెనీలు జిల్లాలవారీగా బయటపెట్టాలి. ట్రాయ్ ఎలాగూ సేవల నాణ్యత కొలుస్తోంది, ఈ కొలతను అందులో చేర్చడం కష్టం కాదు. ఇది చేయనంతకాలం ఎవరు ఏ దారి కొనుక్కున్నారో మనకు తెలియదు.

ఇలా దారులు పక్కన పెడితే స్పెక్ట్రమ్ వృథా అవుతుందని నాతో ఒకప్పుడు పనిచేసిన మిత్రుడొకరు వాదిస్తారు. 2022 వేలంలో కంపెనీలు లక్షన్నర కోట్లకు కొన్న స్పెక్ట్రమ్ ఖాళీగా ఉంచమనడం న్యాయమా అంటారు. ఖాళీగా ఉంచక్కర్లేదు. ప్రతి స్లైసుకు కనీస వాటా, గరిష్ఠ వాటా విడిగా పెట్టే వీలు ప్రమాణాల్లోనే ఉంది. కనీస వాటాను ఆ స్లైసు వాడుకోని క్షణాల్లో మిగతావాళ్లు వాడుకుంటారు, అవసరం పడిన మరుక్షణం అది వెనక్కి వస్తుంది. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడుల రోజు సహాయ సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోయారు. ఆ అనుభవంతో 2012లో చట్టం చేసి ఫస్ట్‌నెట్ పెట్టారు. 700 మెగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ దానికిచ్చారు. 2017లో ఏటీ అండ్ టీ దాని బాధ్యత తీసుకుంది. సిబ్బందికి అవసరం లేనప్పుడు ఆ సామర్థ్యాన్ని కంపెనీ తన చందాదారులకు వాడుకుంటుంది, అవసరమైతే వాళ్లను పక్కకు తప్పిస్తుంది. మన చెరువు అలారాల దగ్గరికి వస్తే పక్కన పెట్టాల్సింది పైన చెప్పిన 180 కిలోహెర్ట్జ్ ముక్కే.

స్లైసు ఉంటే అన్నీ అయిపోతాయని కూడా నేను చెప్పడం లేదు. టవరుకు కరెంటే లేకపోతే ఏ ప్రాధాన్యమూ పనిచేయదు. గాలివాన రాత్రి మా పక్క ఊరి టవర్ ఆగిపోయింది బ్యాటరీ నిలవకే. పాతబడ్డ బ్యాటరీలను ఏళ్ల తరబడి మార్చకుండా నడిపించడం ఈ రంగంలో నేను కళ్లారా చూసిన జాడ్యం. కోస్తా మండలాల్లో ప్రతి టవర్ బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో వర్షాకాలానికి ముందు పరీక్షించాలి, ఆ ఫలితం పంచాయతీకి తెలియాలి. ముందు అది, తర్వాతే స్లైసు.

రైతు వైపు నుంచి ఒక మాట. యంత్రాల సిమ్‌లకు 2018 నుంచి 13 అంకెల నంబర్లు ఇస్తున్నారు. ముందుగా నమోదు చేసిన నంబర్లతోనే మాట్లాడే ఆ సిమ్ చెరువు పెట్టెకు చక్కగా సరిపోతుంది. కానీ అవి కంపెనీలకు వేల సంఖ్యలో అమ్మడానికి పెట్టిన సరుకు. రెండు చెరువులున్న మనిషి దుకాణానికి వెళ్లి ఒక్కటి అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. అతను మామూలు ఫోను సిమ్ కొని పెట్టెలో వేస్తున్నాడు, ఆ పెట్టె నెలకు నాలుగు మెసేజీలు పంపినా పంపకపోయినా మనిషి ఫోనుకు కట్టినంతా కడుతున్నాడు. రీచార్జి గడువు మరిచిపోతే అలారం చచ్చిపోయినట్టే, ఆ సంగతి తెలిసేది చెరువు పోయాకే. మత్స్యశాఖ చెరువుల నమోదు ఎలాగూ చేస్తోంది. నమోదైన చెరువుకు ఒక ఎన్‌బీ-ఐఓటీ సిమ్, ఏడాదికి ఒకేసారి కట్టే రుసుము, మెసేజీకి ప్రాధాన్యం. ఇవి సచివాలయంలోనో మీసేవలోనో ఇప్పించవచ్చు. ఇది ఒక్క రొయ్యల చెరువు కోసమే కాదు, కోల్డ్ స్టోరేజీలకు, కోళ్ల ఫారాలకు, ఊరి మంచినీళ్ల పంపులకు కూడా. వేసవిలో ఫ్యాన్లు ఆగిన కోళ్ల ఫారంలో పరిస్థితి ఎలా ఉంటుందో తణుకు, అనపర్తి వైపు రైతుల్ని అడిగితే చెప్తారు.

మీ పత్రికకు జిల్లా జిల్లాకూ విలేకరులున్నారు. తుపాను సన్నాహక సమావేశాలకు వాళ్లు ఎలాగూ వెళ్తారు. ఈసారి అక్కడ కలెక్టరు గారినీ, టెలికం కంపెనీల ప్రతినిధులనూ మూడు ప్రశ్నలు అడిగించండి. 20వ సెక్షన్ కింద ప్రాధాన్యం ఇవ్వాల్సిన సిమ్‌ల జాబితా సిద్ధంగా ఉందా? తీర మండలాల్లో ఎన్‌బీ-ఐఓటీ ఏ టవర్ల మీద నడుస్తోంది? ఏ టవర్ బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది? వచ్చిన జవాబులను మండలాలవారీగా అచ్చు వేయండి. మా మండలం లెక్క సరిచూడటానికి నేనూ, నాతో రిటైరైన కొందరు ఇంజనీర్లూ ఎప్పుడు పిలిచినా వస్తాం.

ఇట్లు
రిటైరైన టెలికం ఇంజనీరు, రొయ్యల రైతు
భీమవరం దగ్గరి పల్లె నుంచి